సరిచూసిన ప్రతి

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు రెండు ముఖాలు. ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం వైపున్న ముఖం నగరమంతటికీ పరిచితమైనది. పదవ నంబరు ప్లాట్‌ఫారం వైపున్న ముఖం బోయిగూడను చూస్తూ ఉంటుంది. 1874లో వాడి నుంచి రైలుమార్గం వచ్చి చేరిననాటి నుంచి ఈ పరిసరాల బతుకు రైళ్ల రాకపోకలతో పెనవేసుకొని ఉంది. బోయిగూడ అన్న పేరు వినగానే పల్లకీ మోసే బోయీలు గుర్తుకు రావడం సహజం. దారిమధ్యలో భుజం మార్చుకోవలసి వస్తే బోయీలు పల్లకీని నేలమీద దించరు. ఒకడు భుజం ఒడ్డిన తరువాతనే మరొకడు తప్పుకుంటాడు. లోపల కూర్చున్నవారికి ఆ మార్పు తెలియకూడదు. నేడు కంప్యూటర్ల గదుల్లో రాత్రిపూట పనిచేసేవారి వృత్తిధర్మం కూడా ఇంచుమించు ఇదే.

అటువంటి పని చేసే యువతి ఒకామె బోయిగూడలో, స్టేషనుకు నడకదూరంలో, ఒక మేడమీది వాటాలో తండ్రితో కలిసి ఉంటుంది. తండ్రి రైల్వేలో సిగ్నల్ మెయింటెయినరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. ఆమె నగరంలోని ఒక సంస్థలో నెట్‌వర్క్ నిర్వాహకురాలు. ఆ సంస్థకు కాజీపేటలో, ఖమ్మంలో, నిజామాబాదులో శాఖలున్నాయి. శాఖలన్నిటి నెట్‌వర్కును కనిపెట్టి ఉండే సర్వర్ ఒకటి ప్రధాన కార్యాలయంలో ఉంది. దాని మంచిచెడ్డలు ఆమె చూడాలి. ఇరుగుపొరుగువారు ఆమె ఉద్యోగమేమిటని అడిగితే తండ్రి, “మా అమ్మాయి కూడా సిగ్నల్ డిపార్టుమెంటే” అంటాడు. ఆ మాటలో చమత్కారం కొంత ఉన్నా సత్యమే ఎక్కువ.

ఒక సంస్థలోని కంప్యూటర్లను కలిపే స్విచ్చులు, రూటర్లు వందల సంఖ్యలో ఉంటాయి. అవన్నీ ఒక్కచోట ఉండవు. మెట్లకింది అరలో ఒకటి, గోడకు బిగించిన పెట్టెలో మరొకటి, మరొక ఊళ్లో ఇంకొకటి. పర్యవేక్షణ సర్వర్ వాటిని కొన్ని నిమిషాలకొకసారి పేరుపేరునా పలకరిస్తుంది. బతికి ఉన్నావా, ఎంత భారం మోస్తున్నావు, ఎంత వేడెక్కావు అని అడిగి, వచ్చిన జవాబులను రాసి పెట్టుకుంటుంది. ఈ సంభాషణకు నియమబద్ధమైన ఒక పద్ధతి ఉంది. 1988లో వెలువడిన ఆ పద్ధతిని ఎస్.ఎన్.ఎం.పి. అంటారు. సర్వర్ వేసే ప్రశ్న 161వ పోర్టుకు పోతుంది. పరికరం ఆపదలో తనంతట తాను పెట్టుకునే మొర 162వ పోర్టుకు వస్తుంది.

ఈ సర్వర్ ఆగిపోయినంత మాత్రాన నెట్‌వర్క్ ఆగదు. ఉత్తరాలు పోతూనే ఉంటాయి, లెక్కలు సాగుతూనే ఉంటాయి. అయితే చూసే కన్ను మూతపడుతుంది. మూతపడిన సంగతి ఎవరికీ తెలియకపోవడం అంతకన్న ప్రమాదం. కొన్ని తెరలు కొత్త సమాచారం రాకపోయినా నిన్నటి పచ్చరంగునే చూపిస్తూ నిశ్చింతగా కూర్చుంటాయి.

సాఫ్ట్‌వేరులో లోపం బయటపడినప్పుడు దానిని తయారుచేసినవారు పంపే సవరణను ప్యాచ్ అంటారు. చిరిగిన బట్టకు వేసే మాసిక వంటిది. మాసిక ఆలస్యమైతే చిరుగు పెరుగుతుంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి సవరణను విడుదల చేసింది. దానిని వేసుకోవడానికి తీరిక చిక్కనివారి కంప్యూటర్లలోకి అదే సంవత్సరం మే 12న వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము చొరబడి, ఫైళ్లకు తాళాలు వేసి సొమ్ము అడిగింది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు ఆ వలలో చిక్కుకున్నాయి. సవరణకూ దాడికీ నడుమ దాదాపు రెండు నెలల గడువుంది!

అట్లని వచ్చిన మాసికనల్లా కళ్లు మూసుకొని అతికించడమూ కుదరదు. సోలార్‌విండ్స్ అనే అమెరికన్ సంస్థ తయారుచేసిన ఓరియన్ సరిగ్గా ఇటువంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేరే. 2020లో ఆ సంస్థ పంపిన నవీకరణలోనే చొరబాటుదారులు తమ కోడును దాచారు. సుమారు 18,000 మంది వినియోగదారులకు అది చేరింది. సంగతి డిసెంబరులో గాని లోకానికి తెలియలేదు. ఆ నవీకరణ మీద సంస్థ డిజిటల్ సంతకం సక్రమంగానే ఉంది. ముద్ర సరైనదే, లేఖ మాత్రం మోసం. దురుద్దేశం లేకపోయినా పొరపాటు చాలు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ వల్ల ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెరతో నిలిచిపోయాయి. ఆనాడు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లవలసిన ఒక ప్రయాణికునికి చేతితో రాసి ఇచ్చిన బోర్డింగు పాసు ఫోటోను లోకమంతా వింతగా చూసింది. కలం, కాగితం ఇంకా అందుబాటులో ఉండడం ఆ ప్రయాణికుని అదృష్టం.

కనుక ప్యాచ్ వేయడం ఎంత అవసరమో, వేసిన తరువాత సరిచూడడం అంత అవసరం. ఈ రెండవ పనిని ఆమె నేర్చుకున్నది కళాశాలలో కాదు, ఇంట్లో.

సిగ్నల్ పరికరాన్ని విప్పవలసి వచ్చినప్పుడు మెయింటెయినరు ముందుగా స్టేషను మాస్టరుకు డిస్‌కనెక్షన్ నోటీసు రాసి ఇవ్వాలి. మాస్టరు అంగీకరించి సంతకం చేసిన తరువాతనే పనిముట్టు ముట్టుకోవాలి. పని ముగిశాక పరీక్షించి, సరిగా ఉన్నదని నిర్ధారించుకొని, వేళ వేసి రీకనెక్షన్ నోటీసు ఇవ్వాలి. ఆ కాగితం మీద సంతకాలు పడేవరకు ఆ సిగ్నలు ఏ రంగు చూపినా నమ్మకూడదు. తండ్రి తన ఉద్యోగజీవితమంతా ఇటువంటి కాగితాల మధ్య గడిపాడు. చిన్నతనంలో ఆమెకు అది చాదస్తంగా తోచేది. బాగుచేసినవాడే బాగయిందని చెప్పుతుంటే మళ్లీ పరీక్ష దేనికి అని అడిగేది. “బాగుచేసినవాడి కళ్లకు బాగయినట్టే కనిపిస్తుందమ్మా, అందుకే” అనేవాడు.

2023 జూన్ 2వ తేదీ సాయంత్రం ఒడిశాలోని బహనగా బజార్ స్టేషనులో, షాలిమార్ నుంచి చెన్నై వెళ్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద సాగిపొమ్మని సిగ్నలు కనిపించింది. పాయింటు మాత్రం లూపు లైనుకు తిరిగి ఉంది. ఆ లూపు లైనులో సరుకు రైలు నిలిచి ఉంది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నల్ సర్క్యూట్లలో అంతకు కొన్నేళ్ల క్రితం చేసిన మార్పులోను, ఆ సమయంలో లెవెల్ క్రాసింగు అడ్డుగేటును మార్చడానికి చేసిన పనిలోను లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలింది. ఆ వార్త చదివిన రోజున తండ్రి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ వైరింగును ఎవరు పరీక్షించారు, ఎవరు సంతకం పెట్టారు అని తనలో తానే రెండు మూడుసార్లు అనుకున్నాడు. ఆమె చూసే సర్వర్ మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు. అయినా ఆ సాయంత్రం తరువాత ఆమె రిజిస్టరు మారిపోయింది. అంతకుముందు ‘ప్యాచ్ వేయడమైనది’ అని ఒక్క వాక్యం ఉండేచోట పేజీలకు పేజీలు నిండసాగాయి.

ఒక శనివారం రాత్రి సంగతి. పదకొండున్నరకు పని మొదలుపెట్టింది. ప్యాచ్ వేయడానికి ముందే ఉన్నది ఉన్నట్టుగా ఒక బ్యాకప్ తీసి వేరే చోట భద్రపరిచింది. సర్వర్ పలకరిస్తున్న పరికరాల సంఖ్యను రాసుకుంది: 212. ప్యాచ్ వేసి, సర్వర్‌ను ఆపి తిరిగి నడిపింది. అన్నీ విజయవంతంగా ముగిసినట్టు తెర ప్రకటించింది. చాలామంది పని ఇక్కడితో అయిపోతుంది, ఆమె పని ఇక్కడ మొదలవుతుంది. వెర్షను మారిందా, అవసరమైన సర్వీసులన్నీ లేచాయా, గడియారం సరిగా ఉందా, డిస్కులో ఖాళీ ఎంత మిగిలింది అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. గడియారం ఎందుకని అనిపించవచ్చు. నాలుగు నిమిషాలు తప్పు చూపే గడియారం ఉన్నచోట ఏ ప్రమాదం ముందు, ఏది వెనుక అన్నది తేల్చడం అసాధ్యం.

పరికరాల సంఖ్య 211 అని వచ్చింది. ఒకటి తగ్గింది. రెండు వందల పైచిలుకులో ఒకటి తగ్గితే ఏమని అనుకునేవారుంటారు. ఆమె జాబితాలను పక్కపక్కన పెట్టి చూసింది. జవాబు చెప్పనిది ఖమ్మం శాఖలోని పాత స్విచ్చు. స్విచ్చు బతికే ఉంది. అయితే అది తనను తాను రుజువు చేసుకోవడానికి ఎం.డి.5 అనే పాత పద్ధతి వాడుతున్నది. ఆ పద్ధతి బలహీనమైనదని కొత్త ప్యాచ్ దానిని నిరాకరిస్తున్నది. ప్యాచ్ చేసిన పనిని వెనక్కి తిప్పి పాత పద్ధతికే తలుపు తెరిస్తే క్షణంలో సంఖ్య 212 అయ్యేది. ఆమె అలా చేయలేదు. స్విచ్చులోనే మెరుగైన పద్ధతి నిద్రపోతూ ఉంది, దానిని మేల్కొలిపింది. అరగంట పట్టింది.

తరువాత, చూసేవారికి విడ్డూరంగా తోచే పని ఒకటి చేసింది. పరీక్షకోసం పక్కన పెట్టుకున్న స్విచ్చు తీగను చేతులారా ఊడదీసి, ఫోను ముందు పెట్టుకొని కూర్చుంది. నిమిషాలు గడిచాయి. తెరమీద ఆ స్విచ్చు ఎర్రబడింది. కాని ఫోనుకు హెచ్చరిక రాలేదు. హెచ్చరికలను మెయిలుగా పంపే సర్వీసు సర్వర్ తిరిగి లేచినప్పుడు తానుగా లేవలేదు, లేవాలన్న ఆదేశం దానికి ఎప్పుడూ ఇచ్చి ఉండలేదు. ఆ రాత్రి తీగ ఊడదీయకపోతే ఆ మౌనం ఎన్నాళ్లు సాగేదో! సర్వీసును సరిచేసి మళ్లీ తీగ ఊడదీసింది. ఫోను మోగింది. అర్ధరాత్రి మోగిన ఫోనుకు సంతోషించేవారు ఈ వృత్తిలోనే ఉంటారు.

ఇక బ్యాకప్. ప్యాచ్ వేసి, సరిచూసిన తరువాతనే రెండవ బ్యాకప్ తీయాలని ఆమె పట్టుదల. ఈ క్రమం ఎందుకో తెలియడానికి పాతకాలపు తాటాకు ప్రతులను తలచుకుంటే చాలు. గ్రంథం చివర లేఖకుడు తాను చూసినట్టే రాశాననీ, తప్పులుంటే తనను నిందించవద్దనీ విన్నవించుకునే ఆచారం ఉండేది. పాపం, అతడు సత్యమే చెప్పాడు. మాతృకలో తప్పు ఉంటే నకలులోకి ఆ తప్పు నమ్మకంగా దిగుతుంది. ఎంత నిజాయితీగా నకలు తీస్తే తప్పు అంత భద్రంగా నిలుస్తుంది. ‘బ్యాకప్ విజయవంతం’ అని యంత్రం చూపే వాక్యం ఆ లేఖకుని విన్నపం వంటిదే. చూసింది రాశానని మాత్రమే దాని అర్థం. చూసినది సరైనదేనని యంత్రం ఎన్నడూ పూచీ పడదు. అందుకే పాత బ్యాకప్‌ను కొత్తదానితో చెరిపివేయకూడదు. సి.పి. బ్రౌన్ కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పాఠాలను పోల్చి చూపించాడు. ప్రతి ఒక్కటే దొరికి ఉంటే పోల్చడానికి ఏమి ఉండేది?

ఆమె ఇంత జాగ్రత్తపరురాలు కావడం వెనుక ఒక అవమానం ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరంలో ఆ సర్వర్ డిస్కు పాడైంది. బ్యాకప్ ఉన్నది కదా అని ఆమె ధైర్యంగా అధికారులకు మాట ఇచ్చింది. ఉన్నమాట నిజమే. ప్రతి రాత్రి క్రమం తప్పక తీసిన బ్యాకప్, ఫైలు పరిమాణమూ సరిగానే ఉంది. తిరిగి ఎక్కించిన తరువాత చూస్తే పరికరాల పేర్లన్నీ వచ్చాయి, వాటి సంకేతపదాలు ఒక్కటీ తెరుచుకోలేదు. సంకేతపదాలను గూఢలిపిలో దాచిన తాళంచెవి డేటాబేసులో ఉండదు, వేరొక చిన్న ఫైలులో ఉంటుంది. ఆ ఫైలును ఎవరూ బ్యాకప్‌లో చేర్చలేదు. పెట్టె దక్కింది, తాళంచెవి డిస్కుతోపాటే పోయింది. తొమ్మిది రోజులపాటు ఊరూరా తిరిగి ఒక్కొక్క పరికరానికి కొత్త సంకేతపదం పెట్టుకొని రావలసి వచ్చింది. నిజామాబాదు శాఖలో ఒక పెద్దాయన, “బ్యాకప్ ఉందన్నారటగా, అమ్మా?” అని మామూలుగా అడిగిన ప్రశ్న ఆమె చెవుల్లో చాలాకాలం నిలిచింది.

ఇటువంటి భంగపాటు పెద్ద సంస్థలకూ తప్పలేదు. గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకొని మరొక సర్వర్‌లోని డేటాను తుడిచివేశాడు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. బ్యాకప్ కోసం చూస్తే, డేటాబేసు కొత్త వెర్షనుకు మారింది గాని నకలు తీసే ఉపకరణం పాత వెర్షనులోనే ఉండిపోయింది. ఆ కారణంగా బ్యాకప్ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసి పెట్టిన నకలు ఒకటి వారిని కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఆ సంస్థ తన పొరపాట్లన్నిటినీ దాచకుండా లోకానికి వివరించడం మెచ్చదగిన విషయం.

ఆ శనివారం రాత్రి ఆమె తీసిన బ్యాకప్‌లో డేటాబేసు, అమరికల ఫైళ్లు, ఆ చిన్న తాళంచెవి ఫైలు, సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. సంకేతపదాలున్న పెట్టె కనుక దానినంతా గూఢలిపిలోకి మార్చింది. గూఢలిపిని విప్పే పదాన్ని మాత్రం అదే పెట్టెలో పెట్టలేదు. ఒక ప్రతి కార్యాలయంలోనే మరొక యంత్రంలో, ఒక ప్రతి కాజీపేట శాఖలో, ఇంకొకటి ఏ తీగా తగలని డిస్కులో బీరువాలో ఉంచాలని ఆమె పెట్టుకున్న ఏర్పాటు. అన్నీ ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో దక్షిణ కొరియాకు 2025 సెప్టెంబరులో తెలిసివచ్చింది. డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు లేచి, ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల సమాచారం నకలు లేక నశించింది. అన్నమాచార్యుని సంకీర్తనలు తాటాకుల మీదనే మిగిలి ఉంటే ఎన్ని దక్కేవో చెప్పడం కష్టం. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రపరిచారు. ఇరవయ్యవ శతాబ్దంలో అవి వెలికివచ్చి, పండితులు చదివి పరిష్కరించిన తరువాతనే ఆ పాటలు మళ్లీ జనం నోట పలికాయి. అరలో ఉన్నన్నాళ్లూ అవి ఉన్నాయి. అయితే ఎవరూ వినలేదు.

నకళ్లు చేరాక ఎస్.హెచ్.ఎ-256 లెక్క కట్టింది. ఎంత పెద్ద ఫైలునైనా అరవైనాలుగు అక్షరాల ముద్రగా కుదించే గణితం అది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మూడుచోట్లా ముద్రలు ఒక్కటే. మూడు నకళ్లు ఒకేలా ఉన్నాయని దీనివల్ల రుజువైంది. అవి తెరుచుకుంటాయని మాత్రం రుజువు కాలేదు.

గది మూలలో పాత యంత్రం ఒకటి ఉంది. నెట్‌వర్క్ తీగను దాని నుంచి తీసివేసింది. లేకపోతే నకలు సర్వర్ కూడా లేచి తానే అసలు సర్వర్‌ను అనుకొని పరికరాలను పలకరించడం మొదలుపెడుతుంది. బీరువాలోకి పోవలసిన డిస్కును దానికి తగిలించి, దానిలోని బ్యాకప్‌ను ఆ యంత్రంలోకి ఎక్కించింది. నలభై నిమిషాలు పట్టింది. ముందు పరికరాలను లెక్కించింది: 212. ఖమ్మం స్విచ్చు సంకేతపదం తెరుచుకుంది. గడిచిన గురువారం మధ్యాహ్నం నిజామాబాదు లింకు రేఖాచిత్రాన్ని తెరిచింది. ఆ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో కరెంటు పోయి లింకు పదకొండు నిమిషాలు ఆగింది. రేఖలో ఆ గండి ఉన్నదా లేదా అని చూసింది. ఉన్నది. ఆ గండిని చూసి ఆమె తేలికగా ఊపిరి పీల్చుకుంది.

రిజిస్టరు తెరిచి, చేసిన పనులన్నీ వేళలతో రాసింది. హెచ్చరికల సర్వీసు సంగతి, ఖమ్మం స్విచ్చు సంగతి దాచకుండా రాసింది. పక్క సీటు ఉద్యోగి సోమవారం వచ్చి సరిచూసి సంతకం పెట్టడానికి చోటు వదిలింది.

ఆమె ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము అయింది. స్టేషను బోయిగూడ వైపు ద్వారం వద్ద ఆటోలవాళ్లు దిగే ప్రయాణికులకోసం ఎదురుచూస్తున్నారు. పాలపాకెట్ల ట్రేలు దుకాణాల ముందు దిగుతున్నాయి. మెట్లెక్కి తలుపు నెడితే తండ్రి అప్పటికే లేచి కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నిద్రపోలేదేమని ఆమె అడగలేదు. రాత్రి పని ఉన్నప్పుడు ఆయన నిద్రపోడు.

“రాశావా అమ్మా?”

“రాశాను నాన్నా. నాలుగూ ఇరవైకి.”

“తెరిచి చూశాకేనా?”

“తెరిచి చూశాకే.”

తండ్రి తల ఊపి, టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లాడు. పదవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చే రైలు పేరు మూడు భాషల్లో వినిపించసాగింది.